డిగ్రీ పిల్లల ల్యాప్‌టాప్‌నూ చదువు ఖర్చులో లెక్కించండి: ఆస్పరి నుంచి విద్యామంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులు విద్య, ఐటీ శాఖల మంత్రి శ్రీ నారా లోకేష్ గారికి,

కర్నూలు జిల్లా ఆస్పరిలో జిరాక్సు, నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. పింఛను ఫారాలు, అడంగల్ కాపీలు, రైలు టికెట్లు, హాల్ టికెట్లు, ఊరివాళ్లకు ఏ కాగితం పని పడినా నా దుకాణం మెట్లెక్కుతారు. ఈ మధ్య ఏళ్లలో మాత్రం వచ్చేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ పిల్లలే. వాళ్ల కోసమే ఈ లేఖ.

2023 ఏప్రిల్‌లో మీ యువగళం పాదయాత్ర మా ఆలూరు నియోజకవర్గం మీదుగా సాగింది. కాబట్టి ఈ నేల ఎట్లాంటిదో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వానను నమ్ముకున్న పత్తి, వేరుశెనగ, ఉల్లి, టమాటా. పంట చేతికి రాకపోతే సుగ్గి. సంక్రాంతికి అటూ ఇటూగా ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లనూ బడి పిల్లలనూ వదిలిపెట్టి, గుంటూరు, పల్నాడు మిరప చేలకు పోతారు. ఉగాది దగ్గర పడ్డాక తిరిగి వస్తారు. అట్లా సుగ్గికి పోయే ఇళ్లలోంచి కూడా ఇప్పుడు పిల్లలు డిగ్రీకి పోతున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి ఈ జిల్లాలో అక్షరాస్యత 60 శాతం దాటలేదు. అట్లాంటి చోట ఒక ఆడపిల్ల ఆదోని బస్సెక్కి బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ చదవడం మాకు చాలా పెద్ద సంగతి.

అట్లాంటి ఒక అమ్మాయి గురించి చెప్తాను. పేరు చెప్పను. మా వీధి పిల్లే, నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది. ఇప్పుడు డిగ్రీ మూడో ఏడాది.

ఆమె ల్యాప్‌టాప్ కథ పదో తరగతిలో మొదలైంది. 2021 జనవరి 11న అప్పటి ముఖ్యమంత్రి నెల్లూరులో అమ్మఒడి రెండో విడత డబ్బు విడుదల చేస్తూ, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు కావాలంటే వచ్చే ఏడాది నగదు బదులు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చని ప్రకటించారు. బళ్లలో ఫారాలు ఇచ్చి నగదా, ల్యాప్‌టాపా అని రాయించుకున్నారు. ఆ ఫారం మీద వాళ్లమ్మ వేలిముద్ర వేసింది. ల్యాప్‌టాప్ అన్న గడిలో టిక్కు పెట్టింది కూతురు. ఆ ల్యాప్‌టాప్‌లు రాలేదు. 2022 జూన్‌లో అమ్మఒడి మళ్లీ నగదుగానే పడింది, కోతలు పోను 13 వేలు. ఆ డబ్బు విత్తనాల అప్పుకు పోయింది. తప్పు పట్టలేం, మే, జూన్ నెలల్లో ఏ రైతు ఇంట్లోనైనా అదే జరుగుతుంది. అదే ఏడాది డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచడం మొదలైంది. మధ్యలో ఉన్న పై తరగతుల వాళ్లు అటూ కాకుండా, ఇటూ కాకుండా పోయారు. అప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్లు ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడాదికి వచ్చారు. వాళ్లలో ఎంతోమందికి ఇప్పటికీ సొంత యంత్రం లేదు.

పాత ప్రభుత్వాన్ని తప్పుబట్టడానికి ఇది చెప్పడం లేదు. పంచుతామన్న మాట నెరవేరకపోతే దాన్ని నమ్ముకున్న పిల్లకు ఏమవుతుందో మీకు తెలియాలని చెప్తున్నాను.

డిగ్రీలో చేరాక అవసరం ముంచుకొచ్చింది. కాలేజీలో ల్యాబ్ ఉంది. వారానికి కొన్ని గంటలు, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరో ముగ్గురో. ట్యాలీ నేర్చుకోవాలంటే తప్పులు చేస్తూ, ఎంట్రీలు దిద్దుకుంటూ గంటల తరబడి కూర్చోవాలి. ల్యాబ్ గంట కొట్టేసరికి ట్రయల్ బ్యాలెన్స్ ఎక్కడ తప్పిందో వెతకడం సగంలో ఆగిపోతుంది. ఆ పాఠం ఇంటి దగ్గర ఫోన్‌లో కొనసాగించడానికి లేదు. ఎక్సెల్ ఫోన్‌లో తెరుచుకుంటుంది గానీ వేళ్లతో నూరు వరుసల పట్టిక చేసి చూడండి, పదో వరుసకే కళ్లు మండుతాయి.

2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, ఆఖర్న ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన మంచిదే, దాన్ని తీసెయ్యమని ఎవరూ అడగడం లేదు. కానీ ప్రతి మెట్టు దగ్గరా ఒక రిపోర్టు ఉంటుంది. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందిని కాలేజీ టైపు చేసిందే తెమ్మంటుంది. ఫోన్‌లో వాట్సాప్ మెసేజీల మాదిరి ముక్కలు ముక్కలుగా కొట్టుకొని నాకు పంపిస్తారు. పట్టికలు చెదిరిపోతాయి, బొమ్మలు పక్క పేజీలోకి జారిపోతాయి. నేను వాటిని సర్ది, పేజీకి ఇరవై చొప్పున తీసుకుంటాను. ఆపైన ప్రింటు, స్పైరల్ బైండింగు. అరవై పేజీల రిపోర్టు ఒక్కటి పూర్తయ్యేసరికి పదిహేను వందలు దగ్గర పడుతుంది. ఇంట్లో యంత్రం ఉన్న పిల్లకు ప్రింటు ఖర్చు ఒక్కటే. బీదవాడి చదువే ఎక్కువ ఖరీదైందని నా రసీదు పుస్తకం చూస్తే తెలుస్తుంది.

ఈ పిల్ల మాత్రం టైపింగుకు డబ్బులివ్వనంది. "చిన్నాయనా, నువ్వే కొట్టిస్తే నాకేం వస్తుంది? కూర్చోనీ, నేనే కొట్టుకుంటా" అంది. సాయంత్రం బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చేది. తమ్ముణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టుకునేది, చీకటి పడ్డాక ఒంటరిగా ఇల్లు చేరకూడదని. కరెంటు పోతే యూపీఎస్ కూస్తుంటుంది, అది ఆగేలోపు ఫైలు సేవ్ చేసుకోవాలి. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కే అలవాటు ఆమెకు అట్లా పట్టింది, ప్రతి వాక్యానికీ ఒకసారి. మగపిల్లలు తొమ్మిదింటి దాకా ఉంటారు. ఆడపిల్లలు ఏడున్నరకే లేవాలి. నెట్ సెంటర్ ఉంది కదా, వాడుకోవచ్చు కదా అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు. ఊళ్లో ఉన్న సౌకర్యం కూడా ఆడపిల్లకు సగమే అందుతుంది.

ఇక ల్యాప్‌టాప్ కోసం ఆమె తిరిగిన దారులు. ఆదోనిలో ఒక షాపులో వాయిదాల మీద ఇస్తామన్న బోర్డు చూసి వాళ్ల నాయనను తీసుకొని పోయింది. ఆధార్, పాన్ చూశారు. సిబిల్ స్కోరు లేదన్నారు. ఆయన ఎప్పుడూ బ్యాంకులో అప్పు తీసుకోలేదు కాబట్టి స్కోరు లేదు, స్కోరు లేదు కాబట్టి అప్పు లేదు. జీతం స్లిప్పు ఉన్న బంధువు ఎవరైనా ఉన్నారా అన్నారు. లేరు. తర్వాత ఒక బ్యాంకుకు పోయింది. చదువు రుణాల నమూనా పథకంలో కోర్సుకు అవసరమైతే కంప్యూటర్ కొనడానికీ రుణం ఇవ్వొచ్చన్న నిబంధన ఉందని నేనే ప్రింటు తీసి ఇచ్చి పంపాను. అక్కడి అధికారి, ఫీజు ప్రభుత్వమే కడుతుంటే నీకు లోను దేనికమ్మా అన్నాడట. ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకొని వచ్చేసింది.

ఆ ఏడాది వాళ్ల నాయన టమాటా వేశాడు. ల్యాప్‌టాప్‌కు వస్తుందనే ఆశ ఇంట్లో అందరికీ ఉండింది. కోత సమయానికి మార్కెట్లో ధర పడిపోయింది, కూలీ ఖర్చులు కూడా రాలేదు. పత్తికొండలోనూ ఆస్పరిలోనూ రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోసిన ఫోటోలు మీరు పేపర్లలో చూసే ఉంటారు. ఆ గుట్టల్లో ఇట్లాంటి ఎన్ని ల్యాప్‌టాప్‌లు, ఎన్ని సైకిళ్లు, ఎన్ని హాస్టల్ ఫీజులు పోయినాయో!

ఆఖరికి తనే వేసవిలో చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి, సుగ్గి నుంచి వాళ్లమ్మ తెచ్చిన దాంట్లో కొంత కలిపి, సికింద్రాబాద్‌లో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే చోట నుంచి ఒకటి తెప్పించుకుంది. ఏదో కంపెనీ వాడి వదిలేసిన యంత్రం. బ్యాటరీ అరగంట కూడా నిలవదు, ప్లగ్గు తీస్తే ఆరిపోతుంది. అయినా ఆ ఇంట్లో అదొక పండగ. వీధి పిల్లలందరూ వచ్చి చూసి పోయినారు. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ నడుస్తుండగా దాని మదర్‌బోర్డు పోయింది. బాగుచేయించే ఖర్చు కొన్న ధరలో సగం అన్నారు. ఆ అమ్మాయి మళ్లీ నా దుకాణంలో రెండో కంప్యూటర్ ముందుకే వచ్చింది.

లెక్క ఒకటి మీ ముందు పెడతాను. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. ఆ ఏడాది చట్టం హామీ ఇచ్చిన 100 రోజులూ పని దొరికి, పూర్తి కూలీ పడితే ఇంటికి వచ్చేది 30,700. చదువుకు పనికొచ్చే ఒక మామూలు కొత్త ల్యాప్‌టాప్ ధర అంతే. కుటుంబం మొత్తానికి ఏడాది పొడుగునా హామీ ఇచ్చిన పని ఒక్క యంత్రానికి సరిపోతుంది. తిండికి, మందులకు, పెళ్లిళ్లకు ఏమీ మిగలదు. ఆ ముప్పై వేలలో 18 శాతం జీఎస్టీ కింద 4,500 పైచిలుకు పన్నే. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాలకు, పెన్సిళ్లకు జీఎస్టీ తీసేశారు, సంతోషం. డిగ్రీ పిల్లకు ల్యాప్‌టాపే నోటుపుస్తకం. జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రం తరఫున కూర్చునే ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారిది మా పక్క అనంతపురం జిల్లానే. విద్యార్థి ఐడీ మీద ఒక్క ల్యాప్‌టాప్‌కు పన్ను మినహాయించమని ఆయన అక్కడ అడిగేలా మీరు చొరవ తీసుకోండి.

ఇది ఒక్క ఆస్పరి సంగతి కాదు. 2020 నవంబరులో షాద్‌నగర్ అమ్మాయి ఒకరు ప్రాణం తీసుకున్న వార్త తెలుగు ఇళ్లన్నిటినీ కుదిపేసింది. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకొని, ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో గణితం ఆనర్స్ సీటు సంపాదించిన పిల్ల. తండ్రి మోటార్‌సైకిళ్ల మెకానిక్కు. లాక్‌డౌన్‌లో హాస్టల్ మూసేస్తే ఇంటికి వచ్చి ఫోన్‌లో పాఠాలు విన్నది. ల్యాప్‌టాప్ కావాలని అడిగింది. ఎంపికైన ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ డబ్బు చేతికి అందలేదు. ఒక ప్రాణం పోవడానికి ఎన్నో కారణాలు ఉంటాయి, ఒక్క యంత్రం మీద నెట్టలేం. కానీ తన చదువు ఇంటికి బరువైందని ఒక తెలివైన పిల్ల అనుకునే పరిస్థితి ఎట్లా వస్తుందో ఆ కుటుంబం కథలో కనిపిస్తుంది. మా వీధి పిల్ల ధైర్యవంతురాలు. అందరూ అంత ధైర్యంగా ఉండాలని మనం పందెం కాయకూడదు.

మంత్రిగారూ, రాష్ట్రం పిల్లలకు చదువు ఇవ్వడం లేదని నేననను. 2021లో 1.62 లక్షల మందికి మైక్రోసాఫ్ట్ కోర్సులు ఉచితంగా నేర్పే పని మొదలైంది. 2024 ఫిబ్రవరిలో ఎడ్‌ఎక్స్ కోర్సులు డిగ్రీ పిల్లలకు ఉచితం చేశారు. 2025 మార్చిలో మీరే మైక్రోసాఫ్ట్‌తో 2 లక్షల మంది యువతకు ఏఐ నైపుణ్యాలు నేర్పే ఒప్పందం చేసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఇవన్నీ చదివి నేను గర్వపడ్డాను. కానీ ఈ కోర్సులన్నిటికీ ఒక తెర కావాలి, ఒక కీబోర్డు కావాలి. పాఠాన్ని ప్రభుత్వం ఇచ్చింది, ఆ పాఠం తెరిచే యంత్రాన్ని మాత్రం సుగ్గికి పోయే తండ్రి మీద వదిలేసింది. ఫీజు కడితే చదువు ఖర్చు తీరిపోయిందని ఇంకా లెక్క వేస్తున్నారు. ఆ లెక్క పాతబడింది. తల్లికి వందనం కింద ఇంటర్ దాకా పిల్లకు ఏటా 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. డిగ్రీలో కాలు పెట్టగానే అది ఆగిపోతుంది, ఖర్చు పెరిగే చోటే.

వేరే రాష్ట్రాలు ఏం చేశాయో చూస్తే దారి కనిపిస్తుంది. తమిళనాడు 2011 సెప్టెంబరు 15న ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లో చదివే పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగినా, 2025 బడ్జెట్‌లో మళ్లీ 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు రెండేళ్లలో ల్యాప్‌టాప్ గానీ ట్యాబ్ గానీ ఇస్తామని ప్రకటించింది. కేరళ ఇంకో దారి పట్టింది. అక్కడి మహిళా సంఘాల కుటుంబశ్రీ, ప్రభుత్వ చిట్‌ఫండ్ సంస్థ కేఎస్‌ఎఫ్‌ఈ కలిసి నెలకు 500 చొప్పున 30 నెలలు కట్టే చిట్టీ మీద ల్యాప్‌టాప్ ఇచ్చే విద్యాశ్రీ పథకం తెచ్చాయి. సరఫరా ఆలస్యమై విమర్శలు కూడా వచ్చాయి. అయినా నాకు ఆ పద్ధతే నచ్చింది, ఎందుకంటే మనకు పొదుపు సంఘాలు కేరళకన్నా తక్కువేమీ లేవు. వాయిదా తప్పని చరిత్ర మా డ్వాక్రా అక్కచెల్లెళ్లది. షాపువాడు అడిగిన సిబిల్ స్కోరు ఆ తండ్రికి లేదు గానీ, తల్లికి సంఘంలో ఏళ్ల తరబడి కట్టిన కంతుల లెక్క ఉంది. ఆ లెక్కను నమ్మి అప్పు ఇవ్వడానికి స్త్రీనిధి ఉంది.

కాబట్టి నేను అడిగేది ఇది. డిగ్రీలో చేరిన ప్రతి బీద విద్యార్థికీ మొదటి ఏడాదే, తల్లి సంఘం పేరు మీద, ముప్పై వేల లోపు కొత్త ల్యాప్‌టాప్ అందించండి. తల్లి నెలకు 500 చొప్పున డిగ్రీ మూడేళ్లూ కడుతుంది, అంటే 18 వేలు. మిగిలిన 12 వేలు ప్రభుత్వం భరించాలి, ఒక్కసారి మాత్రమే. ఇంటర్ పిల్లకు ఏటా ఇచ్చేదానికన్నా అది తక్కువే. లక్షల్లో కొంటే ధర ఇంకా దిగుతుంది, అప్పుడు మీ వాటా కూడా తగ్గుతుంది. ఊరికే వచ్చినదానికన్నా కంతు కట్టి తెచ్చుకున్న వస్తువును ఇంట్లో ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో నేను రోజూ చూస్తున్నాను. మూడేళ్ల వారంటీ రాయించుకోండి. బాగుచేసే సెంటర్ ఆదోనిలో ఒకటి ఉండేలా షరతు పెట్టండి, చిన్న మరమ్మతుకు హైదరాబాద్ పంపించే పని లేకుండా.

సంఘంలో లేని తల్లులు ఉంటారు, తల్లి లేని పిల్లలు ఉంటారు. వాళ్ల కోసం ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో కొన్ని ల్యాప్‌టాప్‌లు పెట్టించి, పుస్తకాల మాదిరి సెమిస్టర్‌కు ఇంటికి ఇవ్వమనండి. ఇవన్నీ జరిగేదాకా ఒక్క పైసా ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది: ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు రిపోర్టులు చేతిరాతతో ఇచ్చినా తీసుకోవాలని, దానికి మార్కులు తగ్గించరాదని ఉన్నత విద్యామండలి నుంచి కాలేజీలకు ఒక ఉత్తర్వు పంపించండి. ఈ ఒక్కటీ చేస్తే ఈ ఏడాదే ఎంతోమంది పిల్లలు పదిహేను వందలు మిగుల్చుకుంటారు. నా టైపింగు గిరాకీ పడిపోతుంది. పడిపోనివ్వండి. ఈ పిల్లల దగ్గర తీసుకునే ఆ డబ్బు నాకు అక్కర్లేదు.

ఆ అమ్మాయికి ఇప్పుడు ఆఖరి సెమిస్టర్. పెద్ద ఐటీ కంపెనీలు డిగ్రీ పిల్లలను తీసుకునే ఆన్‌లైన్ పరీక్షలకు కెమెరా ఉన్న సొంత సిస్టమ్, మధ్యలో ఎవరూ రాని గది కావాలంటారు. నా దుకాణంలో ఆ గది లేదు. పరీక్ష రోజు షట్టరు సగం దించి, గిరాకీలను ఆపి, ఆమెను కూర్చోబెడతానని మాట ఇచ్చాను. ఆమెకు మీ పథకం అందదు, సమయం మించిపోయింది. ఆమె తమ్ముడు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. అతను డిగ్రీలో చేరేలోపు, రాబోయే బడ్జెట్‌లోనే, డిగ్రీ విద్యార్థుల ల్యాప్‌టాప్‌కు ఒక పద్దు రాయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఆస్పరి నుంచి
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు